గచ్చుగోడలో మన వాటా

గోపన్‌పల్లిలో మా హాస్టల్ మేడమీద నిలబడితే ఎటు చూసినా అద్దాల భవనాలే. హైదరాబాద్ అంటే ఇంతే కాబోలు అనుకునేవాళ్లం. మొన్న ఒక సెలవురోజు కొందరం కలిసి కుతుబ్‌షాహీ సమాధులు చూసి వచ్చాం.

అక్కడ మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది గుమ్మటాలు కాదు, బడీ బావోలీ అనే పెద్ద మెట్లబావి. 2013 వానలకు దాని గోడ ఒకటి కూలిపోయింది. ఆ ఏడాదే ఆగాఖాన్ ట్రస్టు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని సమాధుల ఆవరణలో పని చేపట్టింది. బావిని మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా దక్కింది. సమాధులపై పాత మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఒలిచి, తిరిగి సున్నపు గచ్చు వేశారు. గట్టి సిమెంటును తీయడమెందుకని మాలో ఒకడు అడిగాడు. సిమెంటు గోడలోని తడిని బయటికి పోనివ్వదు, లోపలి సున్నం దెబ్బతింటుంది. మా ఊళ్లలో మట్టిగోడకు పూసిన సిమెంటు పెచ్చులూడటం మేం చూసిందే.

"నవాబుల గోరీలతో మనకేం పని?" అని హాస్టల్లో వాదన వచ్చింది. ఆ మాటలో బాధ ఉంది, కొట్టిపారేయలేం. బోర్డుల మీద సుల్తానుల పేర్లే ఉంటాయి. రాయి కొట్టినవాళ్లవి, సున్నం నూరినవాళ్లవి ఉండవు. కానీ కట్టడం కూలితే సుల్తానుకు పోయేదేమీ లేదు, పుస్తకాల్లో ఉంటాడు. ఆ పనివాళ్లకు మిగిలిన గుర్తే పోతుంది. అందుకే ఇది మన ఆస్తి అంటున్నాం. (గచ్చు మీద తాళంచెవితో పేరు చెక్కబోయిన మిత్రుడి చెయ్యి పట్టుకుని ఆపింది కూడా అందుకే!)

2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం తీర్మానిస్తే, సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కోర్టుకెక్కేవాళ్లు ఉన్నారు కాబట్టి అది నిలిచింది. మన ఊరి దిగుడుబావి కోసం ఎవరు వెళ్తారు? చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. పట్నం నడిబొడ్డున అయింది, ఊళ్లో ఎందుకు కాదు?

పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒకటే. మీ ఊళ్లోని పాత బావి, బురుజు, గడీ ఏదైనా సరే, ఫోటో తీసి పంపండి. దాన్ని కట్టినవాళ్ల సంగతి ముసలివాళ్లకు గుర్తుంటే అదీ రాయండి. వచ్చే వార్షికోత్సవ సంచికలో రెండు పేజీలు అడిగి పెట్టాం.