మన ఇంటి పనులు: పాడకూడని పెట్టె



మొన్నటి వర్షాకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత, ఆలమూరులోని మా ఇంటి వరండాలో ముగ్గురు మిగిలారు. ఒక తల్లి, ఆమె కుమారుడు, కోడలు. కోడలి ఒడిలో నాలుగు నెలల పసిబిడ్డ. కుమారుడు మన సంఘపు యౌవనస్థుడే. కిరాయి కారు నడుపుకొని జీవిస్తున్నాడు. ఆసుపత్రి పనులకు రాజమహేంద్రవరము, పెండ్లిండ్లకు అమలాపురము తిరుగుతూ ఉంటాడు.

“అయ్యగారండీ, కారు వెనకాల ఆ డబ్బా తీసేయమని మీరైనా చెప్పండి. అది మోగితే పిల్ల ఉలిక్కిపడి లేచిపోతంది. నాకు గుండె దడ వచ్చేత్తంది,” అన్నది తల్లి.

“డబ్బులు పోసి కొన్నానండి. పాటలు లేకపోతే కిరాయికొచ్చేవోళ్ళు ఊరుకోరండి,” అన్నాడు కుమారుడు.

కోడలు ఏమియు మాట్లాడలేదు గాని, ఆ మధ్య నుండి ఆమె భర్త కారు ఎక్కడము మానివేసి ఆటోలో పుట్టింటికి వెళ్ళివస్తున్నదని మాకు అమ్మగారి ద్వారా ముందే తెలియును. చిన్న సంగతి ఎంతదూరము పోయినదో చూడండి.

మేము తీర్పు చెప్పలేదు. కారు డిక్కీ తెరవమన్నాము. దైవజ్ఞాన డిప్లొమాకు వెళ్ళకముందు రెండు సంవత్సరములు ఒక రేడియో రిపేరు షాపులో పని నేర్చుకొన్న అలవాటు ఇంకా పోలేదు. ఎవరి ఇంట స్పీకరు గరగరలాడినా మా చెవి అటే పోవును. ఇది మా బలహీనత అని అమ్మగారు అంటూ ఉంటారు.

డిక్కీలో ఉన్నది పన్నెండంగుళముల బేస్ స్పీకరు. స్పీకరు మంచిదే. పెట్టె మాత్రము పాడైపోయినది. తయారుగా అమ్మే ఎమ్‌డీఎఫ్ పెట్టె అది. చెక్క పోగులను జిగురుతో కలిపి ఒత్తి చేసే అట్ట అన్నమాట. తడి డిక్కీలో నెలల తరబడి ఉండి, అడుగు చెక్క టీలో ముంచిన బిస్కత్తువలె ఉబ్బినది. రెండు మూలలు విచ్చుకొన్నవి. స్పీకరు మధ్య భాగమును అరచేతితో మెల్లగా లోపలికి నొక్కితే మూలలోనుండి ‘ఉస్సు’మని గాలి వచ్చినది.

“ఏరా, దీనిని ఎంత సౌండులో పెడతావు?” అని అడిగితే, “మూడొంతులు తిప్పితేగాని బేసు రాదండి,” అన్నాడు. ఇంటి గొడవంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నదని మాకు అనిపించినది.

ఎందుచేతనో చెబుతాము. స్పీకరు కాగితము ముందుకు కదిలినప్పుడు ముందరి గాలి ఒత్తుకొంటుంది, అదే క్షణమున వెనుక గాలి పలుచనవుతుంది. ఆ రెండు గాలులూ కలిసినచో ఒకదానినొకటి చంపుకొంటాయి. పెట్టె లేకుండా స్పీకరును చేతిలో పట్టుకొని వినండి, ఎంత పెద్ద స్పీకరైనా దోమ పాడినట్లే ఉంటుంది. వెనుక గాలిని ముందుకు రానివ్వకుండా బంధించుటయే పెట్టె పని. మూల విచ్చుకొన్న పెట్టె ఆ పని చేయలేదు. బేసు రాదు, అబ్బాయి సౌండు పెంచుతాడు. పెంచేసరికి సందులోనుండి ఈల, డిక్కీ రేకు దడదడ, నెంబరు ప్లేటు టకటక. వెనుక సీటులోని వారికి చేరినది సంగీతము కాదు, ఆ దడదడ.

అంతకంటె మమ్మును భయపెట్టినది ఇంకొకటి ఉన్నది. బానెట్ ఎత్తి చూస్తే, బ్యాటరీనుండి యాంప్లిఫయరుకు వచ్చే ఎర్ర తీగకు ఫ్యూజు లేదు! ఆ తీగ ఇనుప రేకు అంచుకు రాసుకొని తోలు ఊడితే బ్యాటరీ శక్తి అంతా అక్కడే కాలుతుంది. ఆపేది ఏదీ లేదు. ఆ పైన సీటులో పసిబిడ్డ. మేము ఆ రోజు ఆ అబ్బాయిని గట్టిగానే కోప్పడ్డాము. ఫ్యూజు పెట్టేవరకు ఆ తీగ బ్యాటరీ దగ్గర ఊడదీయించి టేపు చుట్టించి పంపాము. చదువుతున్నవారిలో కారు గలవారు ఈ పేరా వరకు చదివి లేచి వెళ్ళి చూసుకొన్నా మాకు సంతోషమే. బ్యాటరీకి అడుగున్నర లోపు ఫ్యూజు ఉండాలి. అది తీగ తాళగలిగిన శక్తికి మించినదై ఉండకూడదు.

ఆ తల్లితో, “పెట్టె తీసివేయుట ఎప్పుడైనా చేయవచ్చునమ్మా. ఒక్క వారము మాకివ్వండి. సరైన పెట్టె చేసి చూద్దాము. అప్పటికీ బిడ్డ లేస్తే మేమే తీయిస్తాము,” అన్నాము. ఆమెకు నమ్మకము కలుగలేదు గాని కాదనలేదు.

మూయబడిన పెట్టెలో గాలినే స్ప్రింగువలె వాడుకొనవచ్చునని 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన చిన్న పెట్టెతో చేసి చూపించాడు. అంతకు ముందు మంచి బేసు కావాలంటే బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. తరువాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970ల మొదటిలోను, ఏ స్పీకరుకు ఎంత పెట్టె సరిపోవునో లెక్కకట్టే పద్ధతి ఇచ్చారు. నేడు స్పీకరుతో వచ్చే కాగితము మీద ఉండే అంకెలకు వారి పేర్లే పెట్టారు. ఆ కాగితమును పారవేయకండి.

మా అబ్బాయి కాగితము దాచాడు. మూసిన పెట్టెకు ఒక ఘనపు అడుగుకు కొంచెము పైన ఉండాలని అందులో ఉన్నది. లోపలి కొలతలు వెడల్పు 14, ఎత్తు 14, లోతు 11 అంగుళములుగా అనుకొన్నాము. గుణిస్తే 2156 ఘనపు అంగుళములు. 1728తో భాగిస్తే ఒకటింబావు ఘనపు అడుగు, అనగా ఇంచుమించు 35 లీటర్లు. అందులో స్పీకరు అయస్కాంతము, లోపల కొట్టే అడ్డకర్ర పదోవంతు ఆక్రమించినా సరిపోవును.

“అందరి డబ్బాలకీ బెజ్జం ఉంటది కదండీ?” అన్నాడు అబ్బాయి. బెజ్జము పెట్టె మరింత గట్టిగా మోగే మాట నిజమే. అయితే ఆ గొట్టపు పొడవు, వెడల్పు లెక్క తప్పితే బేసు అంతా ఒకే మూలుగు అవుతుంది. పెట్టె కూడా పెద్దదవుతుంది. ప్రయాణికుల సామానుకు చోటు ఎక్కడ? పైగా కారు లోపలి స్థలము చిన్నది. 50 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు 22 అడుగులు, కారుకంటె పెద్దది. అంత పొడుగు అలకు కారు లోపలి గాలి అంతా ఒక్క ముద్దగా ఒత్తుకొంటుంది గనుక ఇంటిలో కంటె కారులో తక్కువ శక్తికే బేసు నిండుతుంది. మాకు కావలసినది గట్టిదనము కాదు, శుభ్రత. మూసిన పెట్టె చాలును.

చెక్క సంగతి వచ్చేసరికి ఆ తల్లి కూడా మాటలో కలిసినది. “మా పెరట్లో కోయించిన పనస చెక్క ఉందండి, బొబ్బిలి వీణలు దాంతోనే చేత్తారంట,” అన్నది. మాట నిజమే. బొబ్బిలిలో పనస దుంగను తొలిచే వీణ చేస్తారు. వీణకు చెక్క కూడా తీగతో కలిసి పాడాలి. మన పెట్టె మాత్రము పాడకూడదు. స్పీకరు ఒక్కటే కదలాలి, పెట్టె రాయివలె ఉండాలి. పెట్టె కూడా కదిలితే అదే మూలుగు. పైగా పలక చెక్క వర్షములో ఉబ్బి ఎండలో కుంగుతుంది, అతుకులు విప్పుతుంది. ఆమె పనస చెక్కను ఆమెకే ఉంచాము.

పొడి ప్రాంతములలో ఎమ్‌డీఎఫ్ మంచిదే, లోపల డొల్లలుండవు. గౌతమి ఒడ్డున ఉండే మనకు అది పనికిరాదని మా అభిప్రాయము. ఐ.ఎస్. 710 ముద్ర గల 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకొన్నాము. ఎనిమిదడుగుల నాలుగడుగుల షీటులో మూడోవంతు చాలును. ఒక వడ్రంగి మేస్త్రిగారి దగ్గర బీరువాకు కోయగా మిగిలిన ముక్క దొరికినది. ముందు వెనుకలకు పదిహేనున్నర అంగుళముల చదరములు, పైకీ క్రిందికీ పదిహేనున్నర-పదకొండు, ప్రక్కలకు పద్నాలుగు-పదకొండు. స్పీకరు బిగించే ముందు చెక్కను మాత్రము రెండు పొరలు వేశాము. పొడవు తేడా వస్తే సందు వస్తుంది గనుక జత చెక్కలను ఒకదానిమీద ఒకటి పెట్టి కలిపి చిత్రిక పట్టమని మేస్త్రిగారు చెప్పారు. మేము పుస్తకములో చూడని మాట అది.

వడ్రంగుల బిగింపు పట్టీలు మాకు లేవు. మెరైన్ ఫెవికాల్ రాసి, చెక్కలు కూర్చి, చుట్టూ కొబ్బరి తాడు కట్టి, దానిలో కర్ర దూర్చి మెలిపెట్టాము. కోనసీమలో ఈ మాత్రపు ఉపాయమునకు కరవా! అంచులు నలగకుండ అట్టముక్కలు పెట్టాము. తరువాత అయిదేసి అంగుళములకు ఒక స్క్రూ. ముందుగా సన్న డ్రిల్లుతో దారి చేయకపోతే ప్లైవుడ్ పొరలు చీలుతాయి. తొందరపడి మేమే ఒకచోట చీల్చాము. స్పీకరు గుండ్రము గీయడానికి మేకు, దారము చాలును. కోయడానికి జిగ్‌సా మిషను మేస్త్రిగారిది.

జిగురు ఆరిన తరువాత లోపలి మూలలన్నిటికి సిలికాన్ పూశాము. పులిసిన వాసన వచ్చే రకము అయితే ఒక రోజంతా ఆరనివ్వండి, ఆ ఆవిరి స్పీకరుకు మంచిది కాదు. లోపల దిండ్లలో వేసే పాలియెస్టర్ దూది వదులుగా నింపాము. ఒత్తిడికి గాలి వేడెక్కితే ఆ పోగులు వేడిని లాగుకొంటాయి, అందుచేత స్పీకరుకు పెట్టె కొంచెము పెద్దదైనట్లు ఉంటుంది. ఆ తల్లి బూరుగు దూది తెస్తానన్నది గాని మేము వద్దన్నాము.

పరీక్ష మా ఇంటి వరండాలోనే జరిగినది. ఫ్యూజు వేసి యాంప్లిఫయరు కలిపి, తగ్గు సౌండులో బేసు మోగిస్తుండగా, ఆ తల్లి వెలిగించిన కొవ్వొత్తిని పట్టుకొని అతుకుల వెంబడి మెల్లగా త్రిప్పినది. మూడు మూలలు దాటినది. నాలుగో మూల దగ్గర మంట తల ఊపినది. “ఇదిగోనండీ, ఇక్కడ ఊదుతంది!” అని ఆమె కేక వేసినది. మేము స్క్రూ తప్పించి చీల్చిన చోటే అది. స్పీకరు విప్పి మరల సిలికాన్ పూసి, మరునాడు మరల కొవ్వొత్తి. ఈసారి మంట నిలిచినది. తన చేతితో కాగితమును నొక్కి చూసి, అది మెల్లగా తిరిగి రావడము చూసి, ఆమె “హమ్మయ్య” అన్నది. ఆ వారమంతటిలో ఆ పెట్టె గురించి ఆమె అన్న మొదటి మంచి మాట అదే.

పైపని విషయములో చాలామంది తొందరపడతారు. నల్ల కార్పెట్ అంటించేస్తే చాలుననుకొంటారు. ప్లైవుడ్ నీరు త్రాగేది కోసిన అంచులలోనుండి. అందుచేత గుంటలకు లప్పం పెట్టి, ఉప్పుకాగితముతో రుద్ది, అంచులకు నీళ్ళు కలిపిన ఫెవికాల్ పట్టించి, ప్రైమరు, ఎనామిల్ రెండు పూతలు వేశాము. ఎవరికీ కనబడని అడుగు చెక్కకు మూడు. ఆ పైన కార్పెట్. క్రింద నాలుగు రబ్బరు బిళ్ళలు.

స్పీకరుతో కలిపి పెట్టె పదిహేను కిలోల పైమాట. రావులపాలెము దాటి హైవే మీద సడన్ బ్రేకు పడితే అది వెనుక సీటు మీదికి రాయివలె వస్తుంది. ఇనుప క్లాంపులతో నేలకు బిగించాము. రంధ్రము వేసేముందు క్రింద పెట్రోలు ట్యాంకు, గొట్టములు ఎక్కడున్నవో పడుకొని చూశాము. ఇది మాత్రము ఊహించి చేయకండి.

చివరగా ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, సౌండు గుండీని పావు వంతుకు త్రిప్పాము. బేసు నిండుగా, గరగర లేకుండా వచ్చినది. “ఇంతేనాండీ? మరి మునుపు మూడొంతులు ఎందుకు తిప్పానండీ!” అన్నాడు అబ్బాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకు 80 డెసిబెల్స్ శబ్దము వారానికి 40 గంటలు వినవచ్చును, 90 అయితే 4 గంటలే. రోజంతా కారులో ఉండే డ్రైవరుకు ఆ నాలుగు గంటలు ఒక్క కాకినాడ ట్రిప్పులో అయిపోవును. ఇది చెప్పినప్పుడు అతడు నవ్వలేదు.

సౌండు మాట వచ్చినది గనుక మన సంగతీ చెప్పుకోవాలి. చెన్నైలో ఒక సంఘము మైకులు, డ్రమ్ముల శబ్దముపై ఇరుగుపొరుగువారు పెట్టిన కేసులో 2000 ఆగస్టు 30న సుప్రీం కోర్టు, ఇతరుల శాంతి చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తీర్పు ఇచ్చినది. అదే సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము ఇండ్ల మధ్య పగలు 55, రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దు. మా మందిరపు స్పీకరు పెట్టెలను కూడ ఆ రాత్రే కొవ్వొత్తితో చూశాము. రెండిటిలో ఒకటి ఊదుతున్నది.

మాట ఇచ్చినట్లు తరువాతి ఆదివారము జొన్నాడ వంతెన వరకు అందరము కారులో వెళ్ళాము. కోడలు వెనుక సీటులో, ఆమె ప్రక్కన అత్త. పాట మోగుతూనే ఉన్నది. బిడ్డ ఒకసారి కళ్ళు తెరిచి, అటు ఇటు చూచి, మరల మూసుకొన్నది. వంతెన మీద అత్త ముందుకు వంగి, “ఒరేయ్, కొంచెం తగ్గించు,” అన్నది. అబ్బాయి తగ్గించాడు.

ముందు చెక్కలోనుండి కోసిన గుండ్రటి ముక్కలు రెండు మిగిలాయి. ఒకటి మా అమ్మగారు కడియము నుండి తెచ్చిన గులాబీ కుండీ క్రింద పెట్టుకొన్నారు. రెండవది ఆ తల్లి అడిగి తీసుకొని వెళ్ళినది. ఎందుకో చెప్పలేదు.