నిద్ర ముందా, దిగులు ముందా?

దిగులు పట్టుకుంటే నిద్ర దూరమవుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. నిద్ర కరువైతే దిగులొస్తుందంటే మాత్రం 'రెండ్రోజులు సెలవు పెట్టి పడుకో, అదే పోతుంది' అంటారు.

2011లో కొందరు పరిశోధకులు 21 అధ్యయనాలను కలిపి చూశారు. మొదట్లో డిప్రెషన్ లేకపోయినా, నిద్రలేమి ఉన్నవాళ్లకి తర్వాత అది వచ్చే అవకాశం దాదాపు రెండింతలట.

మా టీమ్‌లో అమెరికా కాల్స్ చూసే కుర్రాడొకడు రాత్రి రెండింటికీ ఠక్కున జవాబిచ్చేవాడు. డెడికేషన్ అని మేనేజర్ మెచ్చుకునేవారు. కాల్స్ లేని రోజుల్లోనూ తెల్లారేదాకా మేలుకునే ఉంటున్నాడని, క్రికెట్ చూడ్డం కూడా మానేశాడని తర్వాత రూమ్‌మేట్ చెబితే తెలిసింది. డాక్టర్ వాడికి ముందు నిద్రమాత్ర రాయలేదు. నిద్రలేమికి చేసే సీబీటీ అనే కౌన్సెలింగ్‌కి పంపారు. రోజూ ఒకే వేళకి లేవడం, నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కడం, పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవడం. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుని బాకీ తీర్చుకోవడం బంద్! (మా బ్యాచ్‌లో ఎవరికైనా అదే అన్నిటికన్నా కష్టం.)

రెండు వారాలు దాటినా మనసు బాగోక, ఇష్టమైనవి కూడా రుచించకపోతే ఈ పద్ధతులతో ఆగొద్దు, డాక్టర్‌ని కలవండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు.