ఓటమికి చప్పట్లు

మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "వీనికి లెక్కలు రావు; మా వంశమునకే రావు." తల్లిదండ్రులు దీనిని ఓదార్పుగానే పలుకుదురు. వినుచున్న బాలుడు మాత్రము తీర్పుగా గైకొనును. తెలుగింట పుట్టి, బడిలో ఈ రాష్ట్రపు భాషను గూడ నేర్వవలసిన మన పిల్లలు "ఆ భాష నాకు రాదు" అని చెప్పుకొనుటయు నిట్టిదే. "రాదు" అనుటకును "ఇంకను రాలేదు" అనుటకును గల భేదమును ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బోధించుట యెట్లు?

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు కెరోల్ డ్వెక్ 2006లో ప్రకటించిన గ్రంథమున ఈ భేదమును విశదపరచినది. తెలివి పుట్టుకతో వచ్చి మార్పులేక యుండునని తలచుట యొక మనోభావము. సాధనచేతను, సరియైన పద్ధతిచేతను, ఇతరుల సాయముచేతను అది పెరుగునని తలచుట మరియొకటి. దీనిని బోధించుటకు ఉపన్యాసముకంటె చలనచిత్రము మేలని నా యభిప్రాయము. డిస్నీ సంస్థ 2007లో విడుదల చేసిన 'మీట్ ది రాబిన్సన్స్' అను కార్టూను చిత్రము అందులకు తగినది.

లూయిస్ అను పండ్రెండేండ్ల అనాథ బాలుడు యంత్రములు కల్పించుచుండును. కాలయంత్రముపై భవిష్యత్తునకు పోయి, ఒక కుటుంబమువారి భోజనపు బల్లయొద్ద, రొట్టెలపై పీనట్ బట్టరును జామును చిమ్ము యంత్రమును బాగుచేయబోవును. అది పేలి అందరి మొగములపైనను చిమ్మును. బాలుడు సిగ్గుతో కుంచించుకొనిపోగా, ఆ యింటివారు చప్పట్లు కొట్టుదురు! మన పిల్లలు ఇచ్చట నవ్వుదురు, నవ్వనిండు.

కాని అసలు పాఠము గూబ్ అను రెండవ బాలునియొద్ద నున్నది. అనాథాశ్రమమున లూయిస్‌తో ఒకే గదిలో పెరిగినవాడాతడు. లూయిస్ రాత్రియెల్ల చేయు చప్పుళ్లకు నిద్రలేక, బేస్‌బాల్ పోటీలో కునుకుపట్టి, బంతిని జారవిడుచును, జట్టు ఓడును. ఆ యొక్క బంతినే తలచుకొనుచు పెరిగి, పెద్దవాడై పగబట్టును. తోడి విద్యార్థులు స్నేహముగా పలుకరించినను, అందరును తన్ను ద్వేషించుచున్నారనియే చెప్పుకొనును. ఉపాధ్యాయుడు చిత్రమును ఇచ్చట ఆపి, "వారు నిజముగా ఏమనిరి? గూబ్ ఏమని వినెను?" అని అడుగవలెను.

చిత్రమున లోపము లేకపోలేదు. లూయిస్ తన విజయమును ముందుగనే కన్నులార చూచి వచ్చును. గెలుపు నిశ్చయమని తెలిసినవానికి ఓటమిని భరించుట యేపాటి పని? మన బాలునకు కాలయంత్రము లేదు. పైగా లూయిస్ పుట్టు మేధావివలెనే కనబడును. ఈ రెండింటిని పిల్లలే కనిపెట్టుదురు, ఉపాధ్యాయుడు దాచవలదు.

ఒక్క పాఠమువలన ఫలమును అతిగా ఆశింపరాదు. 2019లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధనలో అమెరికాలోని సుమారు 12,000 మంది తొమ్మిదవ తరగతి విద్యార్థులు పాల్గొనిరి. గంటకు లోపడిన ఇట్టి పాఠము విన్న వెనుకబడిన విద్యార్థుల సగటు గ్రేడు 0.1 మాత్రమే పెరిగెను. కష్టమైన పనికి పూనుకొనుటను తోడివారు మెచ్చు బడులలో ఫలము హెచ్చుగా నుండెను.

అనగా బడి వాతావరణమే ముఖ్యము. చిత్రము చూపిన మరునాడు, ఎర్రసిరాతో కొట్టివేసిన లెక్కను మరల చేసి తెచ్చిన విద్యార్థికి మార్కులు ఇత్తుమా? సాధనను గూర్చిన వేమన పద్యమును వల్లింపజేయుదుము. అందులో ఒక యక్షరము తప్పినచో మార్కు తగ్గించి ఊరకుందుము! తల్లిదండ్రులును ప్రోగ్రెస్ రిపోర్టు చేతికి వచ్చినప్పుడు "ఎన్ని మార్కులు?" అనుటకు ముందు "ఏ లెక్క తప్పినది? ఎట్లు చేసితివి?" అని అడుగ ప్రార్థన. చిత్రమునకు గంటన్నర చాలును. తప్పిన లెక్కలను దిద్దుకొనుటకు మాత్రము ప్రతి వారమును ఒక పీరియడు కావలెను.