గీసిన బొమ్మ పాతబడిందా?

నోటుబుక్కు చివరి పేజీల్లో బొమ్మలు వేసే పిల్లలకు పెద్దలు ఇచ్చే సలహా ఈ మధ్య దాదాపు ఒకటే: ‘చేత్తో గీస్తూ కూర్చుంటే ఏమొస్తుంది, త్రీడీ నేర్చుకో’. వీడియో గేమ్‌లు తయారుచేయాలన్న ఆశ ఉన్న పిల్లలకైతే ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తుంది. చేతిగీత కింది మెట్టు, త్రీడీ పై మెట్టు అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. అది నిజమో కాదో తేల్చడానికి గేమ్‌ల చరిత్రలోనే చక్కటి సాక్ష్యం ఉంది. మంకీ ఐలండ్ అనే ఆటల వరుస అది.

అడ్వెంచర్ గేమ్ ఎలా ఉంటుందో ముందు చెప్పుకుందాం. అందులో తుపాకులు పేల్చడం, కార్లు తోలడం పెద్దగా ఉండవు. కథానాయకుడు ఊరంతా తిరుగుతాడు, ఎదురైన ప్రతివాడితోనూ మాట కలుపుతాడు, దొరికిన వస్తువల్లా జేబులో వేసుకుంటాడు. ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో ఆడేవాళ్లే ఆలోచించుకోవాలి. ఆట బలమంతా మాటల్లోనూ చిక్కుముడుల్లోనూ ఉంటుంది. అమెరికాలోని లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ 1990లో తెచ్చిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్’ ఈ కోవలో పేరు మోసిన ఆట. రాన్ గిల్బర్ట్ దాని సూత్రధారి. ఓడదొంగ కావాలని కలలు కనే గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే అమాయకపు కుర్రాడు నాయకుడు. అతని పేరు పుట్టింది కూడా బొమ్మల బల్ల మీదే. పేరు పెట్టక ముందు తయారీదారులు అతన్ని ‘గై’, అంటే కుర్రాడు, అని పిలిచేవారు. డీలక్స్ పెయింట్ అనే ప్రోగ్రాంలో ఆ బొమ్మను దాచిన ఫైలుకు ‘బ్రష్’ అన్న మాట తోడైంది. రెండూ కలిసిపోయి గైబ్రష్ అయింది.

ఈ ఒక్క కుర్రాణ్ని ముప్ఫై రెండేళ్లలో ఎన్ని రకాలుగా వేశారో చూడండి. 1990లో వెడల్పున 320, ఎత్తున 200 చుక్కలు మాత్రమే పట్టే తెర మీద చుక్కలు పేర్చి వేశారు. 1991లో వచ్చిన రెండో ఆటకు వెనుక దృశ్యాలను కాగితం మీద రంగులతో వేసి, స్కాన్ చేసి ఎక్కించారు. 1997లో మూడో ఆట ‘ది కర్స్ ఆఫ్ మంకీ ఐలండ్’ కార్టూన్ సినిమాలా, నిండైన చేతిగీతతో వచ్చింది. 2000లో నాలుగోది ‘ఎస్కేప్ ఫ్రమ్ మంకీ ఐలండ్’లో పాత్రలు త్రీడీ అయ్యాయి. 2009లో టెల్‌టేల్ అనే మరో సంస్థ మళ్లీ త్రీడీలోనే అయిదు భాగాలుగా తెచ్చింది. 2022లో రాన్ గిల్బర్ట్ తిరిగొచ్చి చేసిన ‘రిటర్న్ టు మంకీ ఐలండ్’లో పాత్రలు మళ్లీ బల్లపరుపు బొమ్మలయ్యాయి. నాయకుడు అతడే, వెటకారమూ అదే. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

నా మాట అడిగితే, ఆరింటిలో చూడ్డానికి అతి బలహీనంగా ఉండేది 2000 నాటి త్రీడీ ఆట. అన్నిటికన్నా నిండుగా ఉండేది దానికి మూడేళ్ల ముందు చేత్తో గీసినది. ఇందులో చిత్రకారుల తప్పేమీ లేదు. త్రీడీ బొమ్మ ఒళ్లంతా చిన్న చిన్న ముక్కలు అతికి చేసినట్టు ఉంటుంది. ఎన్ని ఎక్కువ ముక్కలుంటే అంత నున్నన, కంప్యూటర్ మీద అంత భారం. ఆనాటి ఇంటి కంప్యూటర్లు మోయగలిగిన ముక్కలు బహు తక్కువ. దాంతో ముఖం చెక్కబొమ్మలా బిగుసుకుపోయేది. కనుబొమ ఒకటి పైకెత్తడం, పెదవి చివర సన్నగా నవ్వడం, ‘నేనేం చేయలేదు’ అన్నట్టు గుటకలు మింగడం 1997 నాటి చిత్రకారుడికి నాలుగు గీతల పని. మూడేళ్ల తరువాతి యంత్రానికి అది మోయలేని బరువు అయింది.

అసలు చిక్కు ఇంకోటుంది. త్రీడీ గొప్పతనం ఏమిటి? బొమ్మను ఒకసారి చేసిపెట్టుకుంటే ఎటు తిప్పినా, ఏ మూల నుంచి చూసినా కనబడుతుంది. మరి నాలుగో మంకీ ఐలండ్‌లో దాన్ని తిప్పి చూసేదెవరు? వెనుక దృశ్యాలన్నీ ముందే తయారుచేసి పెట్టిన నిశ్చలచిత్రాలు, కెమెరా ఉన్నచోటే ఉంటుంది. నాయకుడు వచ్చి నిలబడి మాట్లాడతాడు. అంటే త్రీడీ ఇవ్వగలిగిన దాని అవసరం ఆ ఆటకు అంతగా లేదు. ఆటకు కావలసిన ముఖకవళిక ఆనాటి త్రీడీ దగ్గర లేదు. రెండు పక్కలా నష్టమే.

త్రీడీ వైపు న్యాయం కూడా చెప్పాలి. చేతిగీతతో ఒక మనిషిని నడిపించడం మాటలు కాదు. ఒక్క అడుగు వేసి రెండో అడుగు వేసేలోపు అరడజనుకు పైగా బొమ్మలు కావాలి. ఎడమ వైపు నడక, మన వైపు నడక, వీపు చూపిస్తూ నడక, అన్నీ వేరు వేరు. కథ మధ్యలో నాయకుడు చొక్కా మార్చుకున్నాడంటే అవన్నీ మళ్లీ గీయాల్సిందే. త్రీడీలో చొక్కా ఒక్కటి మారిస్తే చాలు, నడక అదే. డబ్బు, కాలం లెక్కలేసుకునే నిర్మాతకు అది చిన్న విషయం కాదు. త్రీడీకి అసలైన బలం అక్కడ ఉంది. ‘కొత్తది కాబట్టి మేలు’ అన్న మాటలో మాత్రం పస లేదు.

ఆ రోజుల్లోనే త్రీడీని తెలివిగా వాడుకున్న ఆట ఒకటుంది. 1998లో టిమ్ షేఫర్ చేసిన ‘గ్రిమ్ ఫాండాంగో’. పాత్రలు త్రీడీ అనగానే ముఖాల ఇబ్బంది వస్తుందని ఊహించినట్టుగా, ఇందులో దాదాపు పాత్రలన్నీ అస్థిపంజరాలే. మెక్సికోలో చనిపోయినవారిని తలుచుకునే పండుగకు చేసే పుర్రెబొమ్మలే వాటికి మాతృక. ఆ బొమ్మలు సహజంగానే సాదా ఆకారాలు. వాటి మీద రంగుతో ఎముకలు దిద్ది ఉంటాయి. కొద్ది ముక్కలతో చేసే త్రీడీకి ఇంతకన్నా అతికే రూపం ఉంటుందా! పనిముట్టుకు చేతకానిదేదో తెలుసుకుని, దానికి తగిన పాత్రను వెదికారు. నాయకుడు మానీ కలవెరా ముఖంలో కదలిక తక్కువే అయినా ఎవరికీ కొరతగా తోచదు, పుర్రె మరి. 1999 నాటి మూడో ‘గాబ్రియేల్ నైట్’లోనూ త్రీడీకి ఒక కారణం కనిపిస్తుంది. అందులో కెమెరాను ఆడేవాళ్లే గదంతా తిప్పుకుంటూ ఆధారాలు వెదకాలి.

ఇక 2022 గొడవ. ‘రిటర్న్ టు మంకీ ఐలండ్’ బొమ్మలు కాగితం కత్తిరించి అతికినట్టు, కోణాలు కోణాలుగా ఉంటాయి. రెక్స్ క్రౌల్ వాటి రూపకర్త. ఆట బయటికి రాకముందే, ట్రైలర్ చూసిన కొందరు పాత అభిమానులు విరుచుకుపడ్డారు. దూషణలు ఎంతదాకా వెళ్లాయంటే రాన్ గిల్బర్ట్ తన బ్లాగులో వ్యాఖ్యలు మూసేసి, ఆ ఆట గురించి ఇక రాయనని చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లకు 1990 నాటి చుక్కల బొమ్మే కావాలి. ఆ చుక్కలు ఆనాటి తెరకు ఉన్న హద్దు మాత్రమేనని మరిచిపోయారు. ‘త్రీడీ కాకపోతే పాతది’ అనే వాళ్లకూ ‘నా చిన్ననాటి బొమ్మ కాకపోతే చెత్త’ అనే వాళ్లకూ నాకు పెద్ద తేడా కనబడదు. ఇద్దరూ పాత్రను చూడటం మానేశారు. నచ్చలేదనడం ఎవరి ఇష్టం వాళ్లది. గీసినవాణ్ని తిట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఇవాళ్టి కంప్యూటర్లకు ముఖాలు కష్టం కావు, నిజమే. చిత్రమేమంటే, ఆ బలం వచ్చాక చాలామంది త్రీడీ కళాకారులు తిరిగి కుంచె దగ్గరికే వచ్చారు. 2015 నాటి ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ త్రీడీ ఆటే, కానీ పాత్రల మీదా గోడల మీదా ఉన్న రంగులు చేత్తో వేసినవి. 2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ యానిమేషన్ సినిమాలో త్రీడీ ముఖాల మీద చిత్రకారులు గీతలు గీశారు. పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. పుణెలో తయారై 2020లో విడుదలైన ‘రాజీ’ అనే ఆటలో నాయిక త్రీడీయే. కథ చెప్పాల్సిన చోట మాత్రం తోలుబొమ్మల నీడలాట పద్ధతిని ఎంచుకున్నారు. మన తోలుబొమ్మ ఎటూ పూర్తిగా తిరగదు. అందుకే హనుమంతుడికి సందర్భాన్ని బట్టి వేరే బొమ్మ, వేరే పరిమాణం తీస్తారు. లోతు లేదని తెల్లవార్లూ కూర్చున్న జనం ఎవరూ లేచిపోలేదు.

డ్రాయింగ్ పీరియడును లెక్కలకో సైన్సుకో ఇచ్చేసే బడులు ఈ సంగతి ఆలోచించాలి. త్రీడీ బొమ్మ చేసేవాళ్లు కూడా సాధారణంగా మొదట పెన్సిలు పట్టుకుంటారు. పాత్రను ఎదురుగా, పక్క నుంచి, వెనక నుంచి గీసిన కాగితం ముందు పెట్టుకుని అప్పుడు కంప్యూటర్లో ఆకారం కడతారు. ఆ మూడు బొమ్మలూ గీయలేనివాడికి సాఫ్ట్‌వేర్ మీటలు ఎన్ని తెలిసినా అరువు బొమ్మలే గతి. త్రీడీ నేర్పే కోర్సులకు వేలు పోసే తలిదండ్రులు, ‘ఇక్కడ గీయడం నేర్పుతారా?’ అని మొదట అడగాలి.

పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ప్రోగ్రాం ఉచితం, మామూలు కంప్యూటర్లోనే నడుస్తుంది. త్రీడీ కావాలంటే బ్లెండర్ కూడా ఉచితమే. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు కలిసి ఒక పాత్రను ఊహించుకుని, దాని నడకను ఎనిమిది కాగితాల మీద గీసి, ఫోన్‌తో ఫొటోలు తీసి ఎక్కిస్తే, పాత్ర తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. మాటలు మన పిల్లలే రాయొచ్చు, గొంతూ వాళ్లదే పెట్టొచ్చు. తరువాత అదే పాత్రను బ్లెండర్‌లో కట్టి చూడనివ్వండి. ఏది బాగుందో, ఎందుకు బాగుందో అప్పుడు వాళ్లనే అడగండి.