ఇక్కడి హోటళ్లలో ఒడిశా కుర్రాళ్లు.. గల్ఫ్ హోటళ్లలో మనవాళ్లు

జగిత్యాల: అరవై మూడో నంబరు జాతీయ రహదారిపై ఆర్మూరు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వచ్చేవారికి దారి పొడవునా దాబాలు, బిర్యానీ హోటళ్లు, మండీ రెస్టారెంట్లు కనిపిస్తాయి. గల్లాపెట్టె వద్ద కూర్చున్న యజమాని సాధారణంగా స్థానికుడే. లోపల తందూరి పొయ్యి వద్ద, గిన్నెలు తోమే తొట్టి వద్ద వినిపించేది మాత్రం హిందీ, ఒడియా, బెంగాలీ, నేపాలీ. ఇదే రహదారికి ఇరువైపులా ఉన్న గ్రామాల నుంచి దశాబ్దాలుగా యువకులు దుబాయ్, సౌదీ అరేబియా, ఖతర్ దేశాలకు వలస వెళుతూనే ఉన్నారు. అక్కడ భవన నిర్మాణ పనులు దొరకనివారు, దొరికినా ఎండకు తాళలేనివారు చేరేది కూడా హోటళ్లలోనే. ఉల్లిపాయలు తరగడం, పాత్రలు కడగడం, పార్శిళ్లు మోయడం వారి పని.

బయటివారు వచ్చి మన పిల్లల ఉపాధిని కొల్లగొడుతున్నారన్న మాట రచ్చబండల వద్ద తరచుగా వినిపిస్తోంది. స్థానికులు ఒళ్లు వంచి పని చేయరన్నది హోటల్ యజమానుల జవాబు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఆ రెండు మాటల మధ్య అసలు విషయం మరుగున పడిపోతోంది.

స్థానికులు వంట పనికి రారన్నది వాస్తవం కాదు. పట్టణంలో ఏ వీధికి వెళ్లినా టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, మెస్సులు నడుపుతున్నది ఇక్కడి కుటుంబాలే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బుకునే మహిళలను పనిదొంగలని ఎవరనగలరు? వారు రానిది రెస్టారెంటు వంటగదికి మాత్రమే. ఉదయం పదింటికి మొదలైన పని అర్ధరాత్రి దాకా సాగే చోట, పని చేసేవారు ఆ భవనం పైగదిలోనో, బల్లలు జరిపి హాల్లోనో పడుకునే చోట ఇల్లూ పిల్లలూ ఉన్న మహిళకు తావు లేదు. స్థానిక యువకుడిది మరో ఇబ్బంది. అతడికి బతుకమ్మ, దసరా ఉంటాయి. పెళ్లిళ్లుంటాయి, చావులుంటాయి. హోటల్‌కు గిరాకీ ఎక్కువగా ఉండే రోజులూ అవే.

ఊరికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి ఈ బంధాలేవీ అడ్డురావు. పిలిస్తే పలుకుతాడు, రాత్రి ఒంటిగంటకు లారీ ఆగినా లేచి రొట్టె కాలుస్తాడు. యజమాని వేతనమిచ్చి కొంటున్నది చేతి నైపుణ్యాన్ని మాత్రమే కాదు, అతడికి వెళ్లడానికి మరో చోటు లేకపోవడాన్ని కూడా. గల్ఫ్‌లోని హోటల్ యజమాని మన కుర్రాడి విషయంలో చేసేదీ ఇదే కావడం గమనార్హం. అక్కడైతే నివాస అనుమతి సైతం పని ఇచ్చేవాడితోనే ముడిపడి ఉంటుంది.

భర్తీ జరిగే తీరు కూడా స్థానికులకు దారి మూసేస్తోంది. హోటల్ బయట 'పనివారు కావలెను' అన్న బోర్డు కనిపించినా అది నామమాత్రమే. వంట మాస్టరు తన ఊరి నుంచి నలుగురిని వెంట తెచ్చుకుంటాడు. ఒకడు వెళ్లిపోతే తన తమ్ముడినో, బావమరిదినో పిలిపిస్తాడు. ఖాళీ ఏర్పడిన సంగతి పక్క వీధిలోని నిరుద్యోగికి తెలిసేలోపే ఎక్కడో గంజాం జిల్లాలో ఒకడు రైలెక్కి ఉంటాడు. మన పల్లెల నుంచి గల్ఫ్‌కు తొవ్వ పడిందీ ఇలాగే. ఊరిలో ఒకరు వెళితే ఆ వాడకట్టు అంతా వెంట నడిచింది.

వడ్డీకే నాలుగు వేలు

'ఇక్కడే పదిహేను వేలిస్తామంటుంటే దుబాయ్ ఎందుకు?' అని ప్రశ్నించేవారు అప్పు లెక్కను మరచిపోతున్నారు. రిక్రూటింగ్ ఏజెంటు వసూలు చేసే సేవా రుసుము జీఎస్టీ కాక 30 వేల రూపాయలకు మించరాదని కేంద్రం నిబంధన విధించింది. వీసా కోసం లక్షలు పోసినవారు మాత్రం ప్రతి మండలంలో ఉన్నారు. రెండు లక్షల అప్పు తెచ్చాడనుకుందాం. నూటికి రెండు రూపాయల మిత్తి లెక్కన నెలకు నాలుగు వేలు వడ్డీకే పోతుంది. మిగిలిన పదకొండు వేలతో ఇల్లు గడవాలి, అసలు తీరాలి. ఒకసారి అప్పు చేసి వెళ్లివచ్చినవాడు ఇక్కడి వంటగదిలో కుదురుకోలేకపోవడానికి కారణం బద్ధకం కాదు.

2020 మే నెలలో ఈ రెండు వలసలూ ఒకేసారి వెనక్కి మళ్లాయి. లాక్‌డౌన్ వేళ దేశంలో తొలి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. అదే నెలలో వందే భారత్ విమానాలు గల్ఫ్ నుంచి మనవారిని శంషాబాద్‌లో దించాయి. జూన్ 8 నుంచి హోటళ్లు తెరుచుకునేందుకు అనుమతి లభించింది. బయటివారే అడ్డంకి అయితే ఆ ఖాళీలు స్థానికులతో నిండాల్సిన సమయమది. అలా జరగలేదు. యజమానులు పాత మాస్టర్లకే ఫోన్లు చేశారు. తిరిగొచ్చినవారిలో అనేకులు విమానాలు ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూశారు.

వాటా ఉంటే సరిపోతుందా?

స్థానికులకు చట్టబద్ధంగా వాటా కేటాయించాలన్న డిమాండ్ కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే దక్కేలా చట్టం చేసింది. హర్యానా నెలకు 30 వేల రూపాయల లోపు వేతనం గల ప్రైవేటు ఉద్యోగాలకు ఇదే నిబంధన తెచ్చింది. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమంటూ పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబర్‌లో కొట్టివేసింది. కర్ణాటక 2024 జులైలో బిల్లు సిద్ధం చేసి, పరిశ్రమ వర్గాల వ్యతిరేకతతో పక్కన పెట్టింది. దేశంలో ఎక్కడైనా నివసించే, పని చేసే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. నేపాలీలకు 1950 నాటి ఒప్పందం రక్షణగా నిలుస్తోంది.

సౌదీ అరేబియా అనుసరించిన మార్గాన్ని ఇక్కడ పరిశీలించాల్సి ఉంది. 2011లో 'నితాఖత్' పేరిట స్థానికుల వాటాను బట్టి సంస్థలకు రంగులు కేటాయించి, వెనుకబడిన సంస్థలకు వీసాలు బిగించినప్పుడు తెలుగు జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఆందోళన నెలకొంది. 2021లో రెస్టారెంట్లు, కాఫీ షాపులకూ ప్రత్యేకంగా వాటాలు విధించారు. ఆ ఏడాదే మరో నిబంధన వచ్చింది. సౌదీ జాతీయుడికి నెలకు కనీసం 4 వేల రియాళ్లు చెల్లిస్తేనే వాటా లెక్కలో అతడిని పూర్తి ఉద్యోగిగా పరిగణిస్తారు. ఆ దేశం తనవారికి వాటాతో పాటు వేతనాన్నీ నిర్ణయించింది. మన రాష్ట్రాల చట్టాలు సంఖ్యతోనే సరిపెట్టుకున్నాయి.

విదేశాలకు వెళ్లే కార్మికుల విషయంలో మన కేంద్రం ఒక దశలో ఇందుకు విరుద్ధంగా వ్యవహరించింది. గల్ఫ్ కొలువులకు వర్తించే కనీస సిఫారసు వేతనాన్ని 2020 సెప్టెంబర్‌లో 30 నుంచి 50 శాతం వరకు తగ్గించింది. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలు ఆందోళనకు దిగి, హైకోర్టు తలుపు తట్టిన తర్వాత 2021లో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకుంది.

చట్టం ఉన్నా..

హోటళ్లలో పని గంటలకు పరిమితి లేదనుకోవడం పొరపాటు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం హోటళ్లకూ వర్తిస్తుంది. వారానికి 48 గంటల పని, ఒక రోజు సెలవు, అదనపు పనికి రెట్టింపు వేతనం అందులో ఉన్నవే. అవి అమలైతే అర్ధరాత్రి దాకా నడిచే హోటల్‌కు ఒకే జట్టు చాలదు, రెండో జట్టు కావాలి. ఎనిమిది గంటలు పని చేసి ఇంటికి వెళ్లే వీలుంటే స్థానిక యువకులు, మహిళలు ఆ జట్టులో చేరే అవకాశం ఉంది. ఖర్చు పెరుగుతుంది, బిర్యానీ ధర కూడా కొంత పెరుగుతుంది. యజమానుల అభ్యంతరం అక్కడే. పక్క హోటల్ పాత పద్ధతిలోనే నడుస్తుంటే తానొక్కడినే ఎందుకు పాటించాలన్న వారి ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. తనిఖీ జరిగితే అందరికీ జరగాలి.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే చేసినా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికే అది వర్తించేది. మాస్టరు వెంట వచ్చిన కుర్రాడు దాని పరిధిలోకి రావడం అరుదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ లోపాన్ని సవరించింది. నెలకు 18 వేల రూపాయల లోపు వేతనంతో సొంతంగా వచ్చి చేరినవారిని కూడా వలస కార్మికులుగా గుర్తించింది. ఏడాదికోసారి సొంతూరు వెళ్లి వచ్చేందుకు చార్జీలు యజమానే చెల్లించాలని నిర్దేశించింది. అయితే పాత చట్టంలో ఐదుగురుగా ఉన్న పరిమితిని పదికి పెంచింది. ఆరుగురో ఎనిమిది మందో పరరాష్ట్ర కార్మికులతో నడిచే దాబాలు దీంతో ఆ నిబంధన నుంచి జారిపోతున్నాయి. రహదారి వెంట ఉన్నవాటిలో అలాంటివే అధికం.

ఇక మండీ రెస్టారెంట్ల కథ వేరు. వీటిలో కొన్నింటిని పెట్టింది గల్ఫ్ వంటగదుల్లో ఏళ్ల తరబడి పని చేసి తిరిగొచ్చినవారే. అరబ్బు వంటకాలను అక్కడే నేర్చుకున్నారు. పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉంటే, నెల జీతం వెనక పట్టుకుంటే ఎలా ఉంటుందో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. వారి వంటగదుల్లోనూ ఇప్పుడు పొయ్యి ముందు నిలబడుతున్నది పరరాష్ట్రాల కుర్రాళ్లే. వారి జీతం ఏ తేదీన అందుతోందో, వారు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో కార్మిక శాఖ రిజిస్టర్లకు ఎక్కాల్సి ఉంది.