ట్రామ్ నడిస్తే బాంబు పడనట్టేనా?

సంపాదకుడికి,

హిరోషిమాను కాల్చింది అణుబాంబు కాదని, టోక్యోలో లాగే అక్కడా నిప్పు బాంబులే వేశారని గత సంచికలో ఒక వ్యాసం వచ్చింది. మూడో రోజుకే ట్రామ్ నడిచింది, ఊరు మళ్ళీ లేచింది: ఇవీ వ్యాసకర్త చూపిన రుజువులు.

ట్రామ్ మాట నిజమే. 1945 ఆగస్టు 9న కొద్ది దూరం నడిచింది. కానీ బాంబు పేలింది నేల మీద కాదు, దాదాపు 600 మీటర్ల ఎత్తున. నేలలో రేడియేషన్ త్వరగా తగ్గిపోయింది అందుకే. టోక్యో పోలిక మరీ వింత. మార్చి 9-10 రాత్రి అక్కడికి వెళ్ళినవి సుమారు 300 బి-29 విమానాలు. బాంబు వేసే వేళకు హిరోషిమా మీద ఉన్నవి మూడు.

మంటకు చేతకాని పని ఒకటుంది. ఉక్కు ఊరి వాళ్ళకు ఇది ఇట్టే బోధపడుతుంది. ఉక్కులో లేశమాత్రంగా ఉండే కోబాల్ట్‌కు అణుబాంబు వెదజల్లే న్యూట్రాన్లు తగిలితే అది కోబాల్ట్-60 అవుతుంది. కొలిమిలో ఎంత కాల్చినా కాదు. భిలాయ్‌లో ఆ ప్రయోగం మూడు షిఫ్టులూ జరుగుతూనే ఉంది! హిరోషిమా కట్టడాల ఇనుములో ఆ కోబాల్ట్-60 దొరికింది. పేలుడు చోటికి దూరమయ్యేకొద్దీ దాని మోతాదు తగ్గింది కూడా.

హిరోషిమా రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో దాచిన ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురు చూడకుండానే పాడయ్యాయి. ఒంటిమీద కాలిన మచ్చ లేనివాళ్ళు కూడా జుట్టు రాలి, చిగుళ్ళు రక్తమోడి, వారాల తర్వాత చనిపోయారు. వ్యాసకర్త ఈ రెండింటి జోలికీ పోలేదు.

— రిటైరైన ఉక్కు ఉద్యోగి, సెక్టర్ 7, భిలాయ్