గౌనూ టోపీ సరే, చదువు హక్కు మాటేమిటి?

మార్చి, ఏప్రిల్ నెలలొస్తే మన పట్టణాల్లో ఓ కొత్త వేడుక కనిపిస్తోంది. ఇప్పుడది మండల కేంద్రాల దాకా పాకింది. యు.కె.జి. పూర్తిచేసిన ఐదారేళ్ల పిల్లలకి నల్లగౌను తొడిగి, పలక లాంటి టోపీ పెట్టి, రిబ్బను చుట్టిన కాగితం చేతికిచ్చి ఫోటోలు తీస్తున్నారు. దీన్ని గ్రాడ్యుయేషన్ డే అంటున్నారు. బడిలో అయిపోయాక ఇంటిదగ్గర మళ్లీ పార్టీ. కేకు, బెలూన్లు, ఫ్లెక్సీ, వచ్చిన పిల్లలకి తిరిగి బహుమతులు.

కార్యకర్తలం కలిసినప్పుడు ఈ ప్రస్తావన వస్తే నవ్వేసి వదిలేస్తుంటాం. ఒకటో తరగతికి వెళ్లడానికి పట్టా ఏమిటి, ప్రైవేటు బళ్ల వ్యాపారం కాకపోతే, అంటాం. వ్యాపారమన్న మాట నిజమే. కానీ ఆడపిల్లల విషయానికొచ్చేసరికి నేను నవ్వలేకపోతున్నాను. కారణం చెప్తాను.

మన తెలుగు ఇళ్లల్లో ఆడపిల్లకి చేసే వేడుకలు ఒకసారి లెక్కపెట్టుకుందాం. బారసాల, చెవులు కుట్టించడం, ఓణీల ఫంక్షన్, సమర్త, పెళ్లి, సీమంతం. చాలావరకు ఆమె శరీరం చుట్టూ తిరిగేవే. ఆమె ఎదిగిందనీ, పెళ్లికి సిద్ధమయిందనీ, కడుపుతో ఉందనీ నలుగురికీ చాటి చెప్పేవే. ఒక్క అక్షరాభ్యాసం మాత్రం చదువుకు సంబంధించింది. అదయినా మొదలుపెట్టినందుకే గానీ, ఫలానా చదువు పూర్తిచేసిందని పదిమందిని పిలిచి సంతోషపడే ఆచారం మనకు లేదు. పదో తరగతి పాసయితే ఓ మిఠాయి పొట్లంతో సరిపెట్టి, ఓణీల ఫంక్షన్‌కి అప్పుచేసి ఊరంతటికీ భోజనాలు పెట్టే కుటుంబాలు మనందరికీ తెలుసు. 1848లో సావిత్రిబాయి ఫూలే పూనాలో, 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడులు నడపడానికి ఎన్ని మాటలు పడవలసి వచ్చిందో తలుచుకుంటే, ఆడపిల్ల చదువు పేరు చెప్పి ఇంట్లో పండగ చేసుకోవడం చిన్న సంగతి కాదు.

కాబట్టి మా మనవరాలు యు.కె.జి. ముగించిన సందర్భంగా ఇంట్లో పార్టీ చేద్దామని మా అమ్మాయి అన్నప్పుడు నేను వద్దనలేదు. ఎలా చేద్దామన్న దగ్గరే మా ఇద్దరికీ చర్చ నడిచింది. ఆ చర్చలో తేలిన విషయాలు మా ఇంటికే పరిమితమైనవి కావు గనక ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్న, ఈ పార్టీ పని ఎవరు చేస్తారు?

మా వియ్యపురాలు వందమందికి భోజనాలన్నారు. మా అమ్మాయి ఫోటోగ్రాఫరూ, తిరుగు బహుమతులూ అంది. అల్లుడు "మీ ఇష్టం అత్తయ్యా" అన్నాడు. మన ఇళ్లల్లో మగవాళ్ల నోట వచ్చే 'మీ ఇష్టం' అన్న మాటకి చాలాసార్లు 'మీ చాకిరీ' అనే అర్థం. పిలుపులు, ఇల్లు సర్దడం, సామాను తేవడం, వంట, వచ్చినవాళ్లకి మర్యాదలు, తర్వాత అంట్లూ చిమ్మడం. ఇవన్నీ ఓ కాగితం మీద రాసి ఒక్కోదాని పక్కన ఎవరి పేరుందో చూడమన్నాను. అన్నింటి పక్కనా ఆడపేర్లే. కేకు తెచ్చే పని దగ్గర మాత్రం అల్లుడి పేరుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనుల్లో పాలుపంచుకునే స్త్రీలు జీతం లేని ఆ చాకిరీకి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పాలుపంచుకునే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. అసలు ఇంటిపని జోలికే రానివాళ్లు ఆ 88లో కూడా లేరు. పండగలూ పబ్బాలూ ఈ తేడాని ఇంకా పెంచేవే. ఆడపిల్ల చదువుని గౌరవించడానికి చేసే వేడుకలో ఆ పిల్ల తల్లీ అమ్మమ్మా పొద్దుట నుంచి రాత్రి దాకా వంటింట్లోనే ఉంటే, ఆ పిల్ల ఆ రోజు నేర్చుకునే పాఠం ఏమిటి? ఎంత చదివినా చివరికి చేరవలసింది పొయ్యి దగ్గరికేనని కాదూ!

అందుకని పని తగ్గించాం, మిగిలింది పంచుకున్నాం. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు. డజనుమంది పిల్లలు, వాళ్ల పెద్దవాళ్లు. పులిహోర, పుచ్చకాయ ముక్కలు, మజ్జిగ. అడ్డాకు విస్తళ్లు. పులిహోర కలిపేదీ, చివర ఇల్లు చిమ్మేదీ అల్లుడూ అతని తమ్ముడూ. తిరుగు బహుమతులు లేవు. ఒక్కో పిల్ల ఇంట్లో చదివేసిన కథల పుస్తకం ఒకటి తెచ్చి, ఇంకొకటి తీసుకుపోవాలి.

రెండో ప్రశ్న, ఈ పార్టీ ఎవరిది?

గౌను గురించి మా మనవరాలినే అడిగాం. "గౌను గుచ్చుకుంటుంది అమ్మమ్మా, టోపీ మాత్రం కావాలి" అంది. బడిలో ఆ గౌనుకీ ఫోటోకీ విడిగా డబ్బు కట్టించుకుని, ఎండలో గంటన్నర నిలబెట్టారు పిల్లల్ని. ఆ నల్లగౌను యూరప్‌లో మధ్యయుగాల నాటి మతాచార్యుల దుస్తుల నుంచి విశ్వవిద్యాలయాలకు వచ్చింది, ఇంగ్లీషువాళ్లతో మనదాకా వచ్చింది. చలిదేశపు బట్ట. 2010లో భోపాల్‌లో ఓ స్నాతకోత్సవం జరుగుతుండగా అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ వేదిక మీదే దాన్ని విప్పేసి, ఇది వలసపాలన అవశేషమన్నారు. మంత్రిగారు విప్పేయగలరు. ఐదేళ్ల పిల్ల విప్పేస్తానంటే మాత్రం ఫోటో పాడవుతుందని కసురుతాం.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992 డిసెంబరులో అంగీకరించింది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, ఆడుకునే హక్కు పిల్లలకున్నాయని అందులో ఉంది. మీటింగుల్లో ఈ ఒడంబడిక గురించి మాట్లాడే మనం, ఇంటికొచ్చిన చుట్టాల ముందు పిల్లని నిలబెట్టి "రైమ్ చెప్పు, ఎ బి సి డి చెప్పు" అని వేధించడం మానుకోవద్దా? 'పెద్దయ్యాక ఏమవుతావు' అని రాసిన అట్టలు ఇంకొకటి. మగపిల్లాడి చేతిలో పోలీసూ, పైలటూ ఉంటాయి, ఆడపిల్ల చేతిలో టీచరూ, డాక్టరూ. ఆ అట్టలు వద్దనుకున్నాం. పాటలు చెప్పించడం లేదు. నల్లచార్టూ, ఊలు దారం, రంగులూ మధ్యలో పెడతాం, ఎవరి టోపీ వాళ్లే చేసుకుంటారు. ఎవరికి ఏది ఇష్టమైతే అది ఆడుకుంటారు.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవర్ని పిలుస్తాం?

మా ఇంట్లో పనిచేసే ఆమె మనవరాలిదీ మా మనవరాలి వయసే. ఆ పిల్ల బస్తీలో అంగన్‌వాడీకి వెళ్తుంది. పార్టీకి ఇద్దరూ రావాలని ఆమె ఇంటికే వెళ్లి పిలిచాను. బొట్టు పెట్టి పిలిచే పద్ధతి మేం ఎప్పుడో మానేశాం. అది భర్త పోయిన ఆడవాళ్లని గడప బయట నిలబెట్టే పద్ధతి. ఆమె విని, "ఎన్నింటికి రావాలమ్మా, గిన్నెలకా?" అంది. కాదు, మీ ఇద్దర్నీ పార్టీకే పిలుస్తున్నాను, ఆ రోజు పని లేదు, జీతంలో కోతా లేదు అన్నాను. ఆమె నవ్వి, "మా పిల్ల అంగన్‌వాడీయే కదమ్మా. దానికి పాసవడం ఏముంది?" అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఆ పిల్లకి కూడా అంకెలొచ్చు, రంగులొచ్చు, మా మనవరాలికి తెలియని పాటలు కూడా వచ్చు. మూడేళ్ల పాటు రోజూ వెళ్లింది. కానీ ఫీజు కట్టిన పిల్ల చదువే చదువనీ, ఫీజు లేని పిల్లది గుడ్డూ పాల కోసం వెళ్లడమేననీ ఆ అమ్మమ్మ చేతనే అనిపించింది ఈ సమాజం.

చట్టం కూడా ఈ మాటే అంటోందని మనలో ఎంతమంది గమనించాం? రాజ్యాంగంలో మొదట రాసిన 45వ అధికరణం, పధ్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంది. ఆరేళ్ల నుంచి మొదలన్న కింది హద్దు అందులో లేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఈ చదువును ప్రాథమిక హక్కు అంది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో 86వ సవరణ వచ్చాక ఆరు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలకు మాత్రమే 21ఎ అధికరణం కింద హక్కు దక్కింది. ఆరేళ్లలోపు పిల్లల సంగతి, ప్రభుత్వం ప్రయత్నించాలి అన్న ఆదేశిక సూత్రం దగ్గర ఆగిపోయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 11వ సెక్షను కూడా, మూడేళ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అంటుందే తప్ప 'చేసి తీరాలి' అనదు. అంటే పిల్లలు గౌను తొడుక్కుని పండగ చేసుకునే ఆ మూడేళ్ల చదువు మన దేశంలో హక్కు కాదు. కొనగలిగినవాళ్లు కొనుక్కునే సరుకు.

ఆ చదువు చెప్పే ఆడవాళ్ల సంగతీ అంతే. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. దేశమంతటా అంగన్‌వాడీ కార్యకర్తలూ, ఆయాల చేతుల మీద నడుస్తోంది. పిల్లల తిండి, తూకం, టీకాలు, ఆటపాటలు, గర్భిణుల లెక్కలు, ఎన్నికల పని, సర్వేలు అన్నీ వాళ్లవే. అయినా కాగితం మీద వాళ్లు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం తీసుకునే సేవకులు. 2018 అక్టోబరులో కేంద్రం కార్యకర్త గౌరవ వేతనాన్ని 4,500కీ, ఆయాది 2,250కీ పెంచింది. ఆపైన రాష్ట్రాలు కలిపేది వేరు. వాళ్లకి గ్రాట్యుటీ ఇవ్వాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో జీతాలూ గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు 12 నుంచి నలభై రోజులకు పైగా సమ్మె చేస్తే, వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. ఉద్యోగులు కానివాళ్లకి అత్యవసర సేవల చట్టం ఎలా వర్తించిందో ప్రభుత్వమే చెప్పాలి! ప్రైవేటు బళ్లలో పిల్లల ముక్కు తుడిచి, చడ్డీ మార్చే ఆయాల పరిస్థితి మరీ అన్యాయం. గ్రాడ్యుయేషన్ ఫోటోల్లో టీచర్లు ఉంటారు, యాజమాన్యం ఉంటుంది. ఆయా ఉండదు.

అందుకని మా పిలుపుల పట్టికలో మా మనవరాలి బడి ఆయా, ఆ బస్తీ అంగన్‌వాడీ కార్యకర్త కూడా చేరారు. వాళ్లు వచ్చి కుర్చీల్లో కూచుంటారు, మజ్జిగ వాళ్లకి మేం అందిస్తాం. టోపీ ఇద్దరు పిల్లల తలల మీదా ఉంటుంది.

మా అమ్మాయి ఒకరోజు విసుక్కుంది. "అమ్మా, ప్రతిదాన్నీ ఉద్యమం చెయ్యకు. పిల్లని ఒక్కరోజు సంతోషంగా ఉండనీ" అంది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. పిల్లల ముందు ఉపన్యాసాలు పెట్టడం నాకూ ఇష్టం లేదు. ఆ రెండు గంటలూ ఆటలే. కానీ పెద్దవాళ్లం ముందుగా చేసుకునే ఏర్పాట్లలోనే మన రాజకీయాలు ఉంటాయి. ఎవరు వండుతారు, ఎవరు కూచుంటారు, ఎవరి పిల్ల అతిథి, ఎవరి పిల్ల పనిపిల్ల అన్నవి ఉపన్యాసం లేకుండానే పిల్లలు నేర్చుకునే విషయాలు. ఇదే ఆమెతో అన్నాను. ఫోటోగ్రాఫర్ని మాత్రం వదులుకోనంది. సరేనన్నాను.

ఇక ఇంటి గోడలు దాటి ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఐదేళ్లప్పుడు పట్టా పట్టుకుని ఫోటో దిగిన పిల్లలకైనా, అంగన్‌వాడీలో గుడ్డు తిని పాటలు నేర్చుకున్న పిల్లలకైనా అసలు పట్టా చేతికందే హామీ ఎక్కడుంది? ఈ అంకెలు మారనంతకాలం చిన్న టోపీ చూసి మురిసిపోవడంతో మన పని అయిపోదు.

కాబట్టి మన సంఘాల ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. వచ్చే ఏప్రిల్‌లో మనం పనిచేసే ప్రతి బస్తీలో, ప్రతి పల్లెలో అంగన్‌వాడీ పూర్తిచేసిన పిల్లలకు, వాళ్ల తల్లులూ అమ్మమ్మలూ చూస్తుండగా పండగ చేద్దాం. చార్టు టోపీలు, పుచ్చకాయ ముక్కలు చాలు. ఆ రోజే ఆ పిల్లల పేర్లు రాసుకుని, జూన్‌లో ఒక్కొక్కరూ ఒకటో తరగతిలో చేరారో లేదో ఇంటికెళ్లి కనుక్కుందాం. మూడేళ్ల నుంచే చదువు హక్కుగా రావాలనీ, అంగన్‌వాడీ కార్యకర్తలనూ ఆయాలనూ ఉద్యోగులుగా గుర్తించాలనీ అడిగే ప్రతి పోరాటంలో వాళ్ల పక్కన నిలబడదాం. అప్పుడు "దానికి పాసవడం ఏముంది" అని ఏ అమ్మమ్మా అనవలసిన అవసరం ఉండదు.